ఇన్‌సినరేటర్ చుట్టూ ఎఫ్‌ఎల్‌పీ మోటార్లు పెడితే సరిపోతుందా?

కొండపల్లి పారిశ్రామికవాడలో గానీ, గుంటూరు చుట్టుపక్కల సాల్వెంట్ (ఇతర పదార్థాలను కరిగించే ద్రవం) వాడే ఏ యూనిట్‌లో గానీ కొత్తగా ఇన్‌సినరేటర్, అంటే వ్యర్థాలను కాల్చే బట్టీ, పెట్టాలనుకున్నప్పుడు కొనుగోళ్ల జాబితాలో ముందుగా కనిపించే మాట ఎఫ్‌ఎల్‌పీ (ఫ్లేమ్‌ప్రూఫ్: లోపలి మంట బయటి ఆవిరిని అంటించకుండా తయారుచేసినది). మోటార్ ఎఫ్‌ఎల్‌పీ, ప్యానెల్ ఎఫ్‌ఎల్‌పీ, లైట్లు ఎఫ్‌ఎల్‌పీ, చివరికి హారన్ కూడా ఎఫ్‌ఎల్‌పీ. ఇవన్నీ కావాల్సినవే, ఖర్చుకు వెనకాడకుండా కొనాల్సినవే. అయితే వాటి మధ్యలో కూర్చునే యంత్రం లోపల వెయ్యి డిగ్రీలు దాటిన మంట ఉంటుంది. మోటారులో పుట్టే చిన్న రవ్వ గురించి ఇంత జాగ్రత్త పడి, మూడు మీటర్ల దూరంలో మండుతున్న బట్టీలోకి సాల్వెంట్ ఆవిరి ఏ దారిన వెళ్లగలదో అడగకపోతే ఆ ఖర్చంతా సగం పనికే పనికొచ్చినట్టు.

ముందు ఎఫ్‌ఎల్‌పీ పెట్టె ఎలా పనిచేస్తుందో చూద్దాం. దాని లోపల పేలుడు జరగదని చాలామంది అనుకుంటారు. జరగొచ్చు. జరిగినా తట్టుకునేలా దాన్ని తయారు చేస్తారు. పెట్టెలోకి ఆవిరి చేరి, కాంటాక్టర్ (మోటారును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) కొట్టిన రవ్వకు అంటుకుంటే వచ్చే పీడనాన్ని గోడలు ఆపుతాయి. మూతకీ పెట్టెకీ మధ్య ఉన్న సన్నటి సందులోంచి బయటికి వచ్చే వేడి వాయువు ఆ దారిలోనే చల్లబడి, బయటున్న ఆవిరిని అంటించే శక్తి లేకుండా పోతుంది. అంటే ఎఫ్‌ఎల్‌పీ అన్నది ఒక మూసిన పెట్టెకు చెప్పిన సూత్రం. ఇన్‌సినరేటర్ మూసిన పెట్టె కాదు కదా. పైన చిమ్నీ, ఒక పక్క వ్యర్థాలు వేసే తలుపు, ఇంకో పక్క బయటి గాలిని లాక్కునే బ్లోయర్, కింద బూడిద తీసే దారి. ఇన్ని నోళ్లున్న మంటకు ఎఫ్‌ఎల్‌పీ కవచం తొడగడం కుదరదు. కాబట్టి దాని భద్రత రెండు చోట్ల తేలాలి: మండే ఆవిరి ఆ నోళ్ల దగ్గరికి రాకుండా చూడటం, లోపల కాలని ఇంధనం పోగుపడకుండా చూడటం. మిగతా ఏర్పాట్లన్నీ ఈ రెండిటి కింద వచ్చేవే.

ఆవిరి ఎంత ఉంటే ప్రమాదమో అంకెల్లో చూస్తే విషయం బాగా అర్థమవుతుంది. టోలుయీన్‌నే తీసుకుందాం, రంగుల తయారీలో, మందుల తయారీలో అందరికీ తెలిసినదే. గాలిలో దాని ఆవిరి 1.1 శాతానికి చేరితే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఒక లీటరు టోలుయీన్ పూర్తిగా ఆవిరైతే సుమారు 230 లీటర్ల ఆవిరి అవుతుంది. లెక్క కట్టి చూస్తే ఆ ఒక్క లీటరు దాదాపు 20 ఘనపు మీటర్ల గాలిని అంటుకునే స్థాయికి తెస్తుంది, అంటే పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, తొమ్మిది అడుగుల ఎత్తున్న గది మొత్తాన్ని. తవుడు నూనె తీసే సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ ప్లాంట్లలో వాడే హెక్సేన్‌ది కూడా ఇంచుమించు ఇదే కథ. ఇప్పుడు 200 లీటర్ల డ్రమ్ము అడుగున పంపు అందని చోట మిగిలే లీటరు, రెండు లీటర్ల గురించి ఆలోచించండి. స్టోర్ రిజిస్టర్‌లో అది ఖాళీ డ్రమ్ము. ఇన్‌సినరేటర్ షెడ్డులోకి వచ్చాక మాత్రం షెడ్డును లేపేయగల సరుకు.

పైగా ఈ ఆవిర్లు గాలి కంటే బరువైనవి. హెక్సేన్, టోలుయీన్ ఆవిరి గాలి కంటే సుమారు మూడు రెట్లు బరువు. అవి పైకి లేచి పోవు, నేల మీద పాకుతాయి, కేబుల్ ట్రెంచ్‌లోకి, వాననీటి కాలవలోకి, బూడిద గుంటలోకి దిగి అక్కడే కూర్చుంటాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఒక ఫార్మా యూనిట్‌లో 17 మంది ప్రాణాలు తీసిన ప్రమాదం ఇన్‌సినరేటర్‌కు సంబంధించింది కాదు గానీ, దాని నుంచి నేర్చుకోవాల్సింది ఇక్కడికీ వర్తిస్తుంది. పైప్‌లైన్ దగ్గర కారిన సాల్వెంట్, దాని ఆవిరి కింది అంతస్తులో ఎలక్ట్రికల్ ప్యానెళ్లున్న చోటికి చేరింది. కారింది ఒక చోట, అంటుకున్నది ఇంకో చోట. ఆవిరి గీతలు చూసి ఆగదు. లేఅవుట్ డ్రాయింగ్‌లో ప్రాసెస్ బ్లాక్ ఒక రంగులో, యుటిలిటీ బ్లాక్ ఇంకో రంగులో వేసి, రెండిటినీ కలుపుతూ కింద నుంచి పోయే కాలవను చూడకపోతే ఆ రంగులకు విలువ లేదు.

అందుకే జోన్ల విభజన చేస్తారు. మండే ఆవిరి ఎప్పుడూ ఉండే చోటు జోన్ 0, మామూలు పనిలోనే అప్పుడప్పుడూ వచ్చే చోటు జోన్ 1, ఏదైనా తేడా జరిగితే తప్ప రాని, వచ్చినా కాసేపే ఉండే చోటు జోన్ 2. పొడికైతే 20, 21, 22. మన దేశంలో ఐఎస్ 5572, అంతర్జాతీయంగా ఐఈసీ 60079 శ్రేణి ప్రమాణాలు ఈ పని ఎలా చేయాలో చెబుతాయి. ఇన్‌సినరేటర్ విషయంలో వీటి నుంచి తేలే మొదటి మాట చాలా సూటిగా ఉంటుంది. బట్టీని ఏ జోన్‌లోనూ పెట్టకూడదు. ఎక్కడో తప్పనిసరై దగ్గరగా పెట్టాల్సి వస్తే, మంటకు వెళ్లే గాలిని జోన్ బయట నుంచి, ఎత్తు నుంచి డక్ట్ వేసి తెచ్చుకోవాలి, ఆ డక్ట్ నోటి దగ్గర గ్యాస్ డిటెక్టర్ ఉండాలి, అది మోగితే బర్నర్ తనంతట తానే ఆగాలి. ఈ డక్ట్ విషయం ఎందుకు నొక్కి చెప్పాలంటే, బ్లోయర్ అనేది నిమిషానికి కొన్ని పదుల ఘనపు మీటర్ల గాలిని లాగే యంత్రం. చుట్టుపక్కల ఎక్కడ సాల్వెంట్ కారినా ఆ ఆవిరిని వెతికి మరీ మంట దగ్గరికి తీసుకెళ్లేది అదే. చాలా షెడ్లలో ఆ బ్లోయర్ నోరు నేల నుంచి రెండడుగుల ఎత్తులో, డ్రమ్ములు దించే వైపే ఉంటుంది.

ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఒక సంగతి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఎండ.

ఎఫ్‌ఎల్‌పీ పరికరం మీద టి3, టి4 అని ఉష్ణోగ్రత తరగతి రాసి ఉంటుంది. టి3 అంటే దాని ఉపరితలం 200 డిగ్రీలు దాటదు, టి4 అంటే 135 దాటదు. హెక్సేన్ ఆవిరి రవ్వ అక్కర్లేకుండా సుమారు 225 డిగ్రీల వేడి తగిలితే చాలు అంటుకుంటుంది కాబట్టి దానికి టి3 గానీ అంతకంటే మెరుగైనది గానీ కావాలి. ఇంతవరకు అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ హామీ చుట్టూ ఉన్న గాలి మైనస్ 20 నుంచి 40 డిగ్రీల మధ్య ఉన్నప్పుడే వర్తిస్తుంది. నేమ్‌ప్లేట్ మీద వేరే ఉష్ణోగ్రత ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప 40 డిగ్రీలే దాని హద్దు. విజయవాడలో మే నెలలో నీడలోనే 44, 45 చూస్తుంటాం, పల్నాడు వైపు రెంటచింతల సంగతి చెప్పనక్కర్లేదు. అది వాతావరణ కేంద్రం నీడలో కొలిచే అంకె. రేకుల షెడ్డు కింద, పక్కన బట్టీ మండుతుండగా, ఐడీ ఫ్యాన్ (బట్టీలోని పొగను చిమ్నీలోకి లాగే ఫ్యాన్) మోటారు ఉన్న చోట గాలి 55 డిగ్రీలు ఉందంటే ఆశ్చర్యపోవాల్సిన పని లేదు. అప్పుడు ఆ మోటారు మీదున్న టి4 ముద్రకు కాగితం మీద ఉన్న విలువ నేల మీద ఉండదు. 50 లేదా 55 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు సర్టిఫై చేసిన మోటార్లు దొరుకుతాయి, ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడగాలి, అంతే. అడగనిదే ఎవరూ పంపరు.

అదే ఎండ డీజిల్ మీద కూడా పనిచేస్తుంది. చిన్న, మధ్యస్థాయి ఇన్‌సినరేటర్లలో బర్నర్‌కు డీజిలే ఇంధనం. డీజిల్ పెట్రోల్ లాంటిది కాదు, అంత తేలిగ్గా అంటుకోదు అనే ధైర్యం అందరికీ ఉంటుంది. మన దేశంలో డీజిల్‌కు ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్ 35 డిగ్రీలు. అంటే 35 డిగ్రీల దగ్గరే దాని మీద అంటుకునేంత ఆవిరి తయారు కావచ్చు. చలిదేశంలో తయారైన డిజైన్‌లో డీజిల్ డే ట్యాంక్ (బర్నర్‌కు రోజువారీ ఇంధనం ఇచ్చే చిన్న ట్యాంకు) చుట్టూ జోన్ గీయకపోవడంలో అర్థం ఉంది, అక్కడ అది ఏడాది పొడవునా ఫ్లాష్ పాయింట్ కింద ఉంటుంది. గుంటూరులో ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట అది ఫ్లాష్ పాయింట్ పైనే ఉండొచ్చు. ఆ ట్యాంకును ఇన్‌సినరేటర్ గోడకు ఆనించి, పైపు ఖర్చు కలిసొస్తుందని కట్టడం చాలా చోట్ల కనిపించే పని. ట్యాంకుకు నీడ, దూరం, బయటికి తీసిన వెంట్ పైపు, దాని చివర మంట వెనక్కి రాకుండా ఆపే ఫ్లేమ్ అరెస్టర్, ట్యాంకు చుట్టూ చిన్న గట్టు, ఇవి మన వేసవికి తప్పనిసరి.

ఎర్తింగ్ కూడా అంతే. డ్రమ్ము నుంచి ఫీడ్ ట్యాంకులోకి సాల్వెంట్ వంపేటప్పుడు ప్రవాహం వల్ల స్థిర విద్యుత్ పుడుతుంది, డ్రమ్ముకూ ట్యాంకుకూ మధ్య క్లిప్పు వైరు లేకపోతే చివర్లో ఒక రవ్వ కొడుతుంది. వైరు ఉన్నా ఎర్త్ పిట్ (విద్యుత్తును నేలలోకి పంపే గుంట) ఎండిపోయి ఉంటే సగం రక్షణే. నల్లరేగడి నేలల్లో వేసవిలో పగుళ్లిచ్చే ఎర్త్ పిట్‌లకు నీళ్లు పోయడం, రెసిస్టెన్స్ కొలవడం వానాకాలం ముందు చేసే పనిగా పెట్టుకుంటారు. ఎండాకాలం మొదట్లోనే చేయాలి.

ఇప్పుడు బట్టీ లోపలికి వద్దాం, ఎందుకంటే ఇన్‌సినరేటర్ పేలుళ్లలో ముందుగా అనుమానించాల్సింది బయటి ఆవిరిని కాదు, స్టార్టప్‌ను. బర్నర్ వెలిగించే ముందు లోపల ఉన్న గాలినంతా ఫ్యాన్‌తో బయటికి తోసేయాలి. దీన్ని పర్జ్ అంటారు. పారిశ్రామిక ఫర్నేసులకు అమెరికాలోని అగ్నిరక్షణ సంస్థ రూపొందించిన ఎన్‌ఎఫ్‌పీఏ 86 ప్రమాణం చెప్పేది, లోపలి ఘనపరిమాణానికి కనీసం నాలుగు రెట్ల గాలి పంపాలని. మొదటి గది, రెండో గది, డక్ట్ కలిపి 12 ఘనపు మీటర్లు ఉన్న ఇన్‌సినరేటర్, గంటకు 1,200 ఘనపు మీటర్లు తోసే ఫ్యాన్ అనుకుందాం. 48 ఘనపు మీటర్ల గాలి వెళ్లడానికి 2 నిమిషాల 24 సెకన్లు పడుతుంది. ఆ సమయమంతా ఫ్యాన్ తిరుగుతున్నట్టు మోటారు కాంటాక్టర్ చెబితే చాలదు, గాలి నిజంగా కదులుతున్నట్టు ప్రెషర్ స్విచ్ చెప్పాలి. బెల్టు తెగిన ఫ్యాన్‌కు కూడా మోటారు తిరుగుతూనే ఉంటుంది.

ఈ రెండున్నర నిమిషాలే గొడవ. రాత్రి షిఫ్టులో బర్నర్ ఆరిపోతుంది, నాజిల్‌లో మసి పట్టి ఉంటుంది, ఆపరేటర్ మళ్లీ బటన్ నొక్కుతాడు, వెలగదు, మళ్లీ పర్జ్ మొదలవుతుంది, ఈలోగా గది చల్లబడుతుంది, రికార్డర్‌లో ఉష్ణోగ్రత పడిపోతే పొద్దున్నే ఎవరో అడుగుతారనే టెన్షన్. నాలుగోసారికి పర్జ్ టైమర్‌కు ఒక వైరు ముక్కతో జంపర్ పడుతుంది, ఇక పర్జ్ లేకుండానే బర్నర్ మొదలవుతుంది. గంటకు 20 లీటర్ల డీజిల్ కాల్చే బర్నర్‌లో 15 సెకన్ల ఒక్కో ప్రయత్నానికి ఎనభై మిల్లీలీటర్లకు పైగా డీజిల్ లోపలికి చిమ్ముతుంది. జంపర్ పడ్డాక అలాంటి ఆరు ప్రయత్నాలకు అర లీటరు. అది వేడి ఇటుకల మీద పడి ఆవిరవుతుంది, 12 ఘనపు మీటర్ల గదిని అంటుకునే స్థాయికి తేవడానికి అది చాలు. ఏడోసారి బర్నర్ వెలుగుతుంది. తలుపు ఎగిరి ఎదురు గోడకు కొట్టుకునేది అప్పుడే.

దీనికి పరిష్కారం ఆపరేటర్‌ను తిట్టడం కాదు. పర్జ్ టైమర్, మంట ఉందో లేదో చూసే ఫ్లేమ్ స్కానర్, ఇంధనం ఆపే వాల్వులు, ఇవన్నీ ఒక సర్టిఫై చేసిన బర్నర్ కంట్రోలర్ లోపలే ఉండాలి, బయటి టెర్మినల్ స్ట్రిప్ మీద జంపర్ పెట్టడానికి వీలున్న రిలేలుగా ఉండకూడదు. మంట ఆరితే నాలుగు సెకన్లలోపు ఇంధనం ఆగాలి. గ్యాస్ బర్నర్ అయితే వరసగా రెండు వాల్వులు, ఒకటి లీకైనా రెండోది ఆపేలా. కొన్ని ప్రయత్నాలు విఫలమయ్యాక కంట్రోలర్ లాక్ అయిపోవాలి, దాన్ని విప్పే అధికారం షిఫ్ట్ ఇన్‌ఛార్జి దగ్గర ఉండాలి, విప్పిన ప్రతిసారీ కారణం రాయాలి. అన్నిటికంటే ముందు, రాత్రి ఉష్ణోగ్రత పడిపోతే పొద్దున్న అడిగే ప్రశ్న "ఎందుకు పడింది" అన్నది కాకుండా "నాజిల్ ఎప్పుడు శుభ్రం చేశారు" అన్నది కావాలి.

ఇక్కడ కాలుష్య నియమాలు అనుకోకుండా భద్రతకు తోడ్పడతాయి. ఆసుపత్రి వ్యర్థాల ఇన్‌సినరేటర్లకు 2016 నియమాలు మొదటి గదిలో కనీసం 800 డిగ్రీలు, రెండో గదిలో 50 డిగ్రీలు అటూ ఇటూగా 1,050 డిగ్రీలు ఉండాలని, వాయువు రెండో గదిలో రెండు సెకన్లయినా నిలవాలని చెబుతాయి. ప్రమాదకర పారిశ్రామిక వ్యర్థాలకు రెండో గది 1,100 దగ్గర. ఇవి డయాక్సిన్ల లాంటి విషాలు రాకుండా పెట్టిన అంకెలు. కానీ సుమారు 760 డిగ్రీలు దాటిన గదిలోకి మండే ఆవిరి వస్తే అది పోగుపడే అవకాశం లేకుండా వచ్చింది వచ్చినట్టే కాలిపోతుంది, ఎన్‌ఎఫ్‌పీఏ 86 ఆ వేడి దాటాక పర్జ్ విషయంలో సడలింపు ఇచ్చేది అందుకే. ప్రమాదమంతా చల్లని బట్టీకీ ఆ 760కీ మధ్య ఉంటుంది. కాబట్టి ఉష్ణోగ్రత రాకముందు ఫీడ్ తలుపు తెరుచుకోకుండా అడ్డుకునే ఇంటర్‌లాక్ పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) వాళ్ల కోసం పెట్టింది అనుకోకూడదు. అది తలుపు ముందు నిలబడే మనిషి కోసం.

వ్యర్థాలు ఎక్కువ వేసినప్పుడు ఇంకో రకం ప్రమాదం. ప్లాస్టిక్, సాల్వెంట్ తడిసిన గుడ్డలు, డిస్టిలేషన్ అడుగున మిగిలే జిగురు, ఇలాంటివి ఒకేసారి వేస్తే గదిలో ఉన్న ఆక్సిజన్ చాలదు. మంట తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్, తారు ఆవిర్లు నిండుతూ ఉంటాయి. మంట మందగించిందని చూడటానికి ఎవరైనా తలుపు తీస్తే, వాటికి కావాల్సిన గాలి అప్పుడు అందుతుంది. మంట బయటికి తన్నుకొస్తుంది. అందుకే ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకునే రెండు తలుపుల ఫీడర్ ఉండాలి, ఒకటి మూసుకున్నాకే రెండోది. గదిలో పీడనం బయటి కంటే కొంచెం తక్కువగా ఉండేలా ఐడీ ఫ్యాన్ పట్టి ఉంచాలి, అది తప్పితే ఫీడ్ ఆగిపోవాలి. బస్తా బరువుకు ఒక హద్దు ఉండాలి. హద్దును బరువులో కాకుండా ఎంత వేడి ఇస్తుందన్న లెక్కలో పెట్టాలి, ఎందుకంటే పది కిలోల తడి బురద, పది కిలోల సాల్వెంట్ గుడ్డలు ఒకటి కావు.

అసలు సంచిలో ఏముందో తెలియకపోవడమే అన్నిటికీ మూలం. చాలా షెడ్లలో వినిపించే సంభాషణ ఇలా ఉంటుంది:

"అన్నా, ఈ డ్రమ్ములో ఏముంది?"

"ఆర్ అండ్ డీ నుంచి వచ్చిందిరా, పాతది. వేసెయ్."

ఆ పాతదానిలో మూత బిగించిన సీసాలు ఉండొచ్చు, స్ప్రే డబ్బాలు ఉండొచ్చు, లిథియం బ్యాటరీ ఉండొచ్చు, పెరాక్సైడ్ ఉండొచ్చు, అల్యూమినియం పొడి ఉండొచ్చు. మూసిన డబ్బా వేడికి పగిలితే చిన్న బాంబే. పెరాక్సైడ్లకు గాలి కూడా అక్కర్లేదు, తమ ఆక్సిజన్ తామే తెచ్చుకుంటాయి. ఆర్పడానికి నీళ్లు కొడితే వేడి అల్యూమినియం హైడ్రోజన్‌ను విడుదల చేస్తుంది. పంపిన విభాగం, పంపిన వ్యక్తి సంతకం, లోపల ఉన్నవాటి జాబితా, ఫ్లాష్ పాయింట్, నీటితో చర్య జరుపుతుందా లేదా అన్న వివరం, ఇవి అంటించని డ్రమ్మును షెడ్డు వాళ్లు తిప్పి పంపగలగాలి. ఆ అధికారం కాంట్రాక్ట్ హెల్పర్‌కు నిజంగా ఉందా అంటే చాలా చోట్ల లేదు. ఈ ఒక్క విషయం మారితే ఎన్నో పరికరాలు కొన్నంత మేలు.

తెలియని వ్యర్థం ఎంత దూరం తీసుకెళ్తుందో 2021 జులై 27న జర్మనీలోని లెవర్‌కూజెన్‌లో చూశారు. అక్కడి బ్యూరిగ్ ప్రాంతంలో రసాయన పరిశ్రమల వ్యర్థాలను కాల్చే కేంద్రం ఉంది. పేలింది బట్టీ కాదు. బట్టీకి పంపే ముందు ద్రవ వ్యర్థాలను నిల్వ ఉంచిన ట్యాంకు. ఒక వ్యర్థం తనంతట తాను వేడెక్కే గుణమున్నది, దాన్ని ఆ గుణం మేల్కొనే వేడికి మించి ఉంచారు, లోపల చర్య మొదలై పీడనం ట్యాంకు తట్టుకోలేనంత పెరిగింది. ఏడుగురు చనిపోయారు, 31 మంది గాయపడ్డారు. జోన్లు గీయడం, సర్టిఫై చేసిన పరికరాలు వాడటం ఎప్పుడో అలవాటైన దేశం అది. అయినా జరిగిందంటే, ట్యాంకు బయటి రవ్వను ఆపడం ఒక ఎత్తు, ట్యాంకు లోపలి రసాయనాన్ని తెలుసుకోవడం ఇంకో ఎత్తు అని అర్థం చేసుకోవాలి. అక్కడ పేలుడును మొదలుపెట్టడానికి బయటి నుంచి నిప్పు అవసరమే రాలేదు. మన దగ్గర ద్రవ వ్యర్థాలు చిక్కగా ఉన్నాయని, పంపు లాగడం లేదని ట్యాంకుకు స్టీమ్ కాయిల్ పెట్టి వేడి చేసే అలవాటు ఉన్నవాళ్లు ఈ ప్రమాదం గురించి తప్పకుండా చదవాలి. ట్యాంకుకు ఉష్ణోగ్రత అలారం, స్టీమ్ తనంతట తానే ఆగే ఏర్పాటు, రెండు వ్యర్థాలను కలిపే ముందు చిన్న బీకరులో కలిపి గంటల తరబడి వేడి చూసే పరీక్ష, ఇవి లేకుండా మిక్సింగ్ చేయకూడదు.

ఇన్‌సినరేటర్‌కు రియాక్టర్ల (రసాయన చర్య జరిపే పాత్రల) నుంచి బయటికి వచ్చే వెంట్ గ్యాస్‌ను కూడా పైపుతో కలుపుతామని కొన్ని యూనిట్లు ముందుకొస్తాయి, వాసన ఫిర్యాదులు తగ్గుతాయని. ఆలోచన మంచిదే. కానీ ఆ పైపు మంటకూ రియాక్టర్‌కూ మధ్య నేరుగా వేసిన దారి. వెంట్ గ్యాస్‌లో ఆవిరి అంటుకునే స్థాయికి చేరితే మంట వెనక్కి పరిగెత్తి రియాక్టర్ దాకా వస్తుంది. దాన్ని ఆపడానికి ఆవిరి గాఢత అంటుకునే కనీస స్థాయిలో నాలుగో వంతు దాటకుండా గాలి కలపడం, దాన్ని ఎప్పటికప్పుడు కొలిచే ఎనలైజర్, గాఢత పెరిగితే బైపాస్, పైగా ఫ్లేమ్ అరెస్టర్ ఉండాలి. అరెస్టర్ విషయంలో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. ట్యాంకు వెంట్ చివర పెట్టే అరెస్టర్‌ను తెచ్చి పొడవాటి పైపు మధ్యలో బిగిస్తారు. పైపులో మంట పరిగెత్తే కొద్దీ వేగం పుంజుకుని, కొంత దూరం తర్వాత శబ్ద వేగాన్ని మించిన డిటొనేషన్‌గా మారుతుంది. చివర పెట్టే అరెస్టర్ దాన్ని ఆపలేదు, ముక్కలవుతుంది. పైపు మధ్యలో పెట్టడానికి డిటొనేషన్ అరెస్టర్ వేరే ఉంది, ధర కూడా వేరే. ఏది పెట్టారో సర్టిఫికెట్ తెరిచి చూస్తే తెలిసిపోతుంది, తెరిచేవాళ్లు తక్కువ.

పేలుడు జరిగినా మనుషుల వైపు రాకుండా పైకి పోయేలా ఎక్స్‌ప్లోజన్ వెంట్ పెట్టడం, పొగను చల్లబరిచే నీరు ఆగిపోతే తెరుచుకునే ఎమర్జెన్సీ చిమ్నీ, ఇవి డిజైన్‌లోనే ఉండాలి. పొగలోని దుమ్మును వడకట్టే బ్యాగ్ ఫిల్టర్‌ను మాత్రం మర్చిపోతుంటారు. విషవాయువుల కోసం చల్లే యాక్టివేటెడ్ కార్బన్ పొడి మండే పొడి, అక్కడికి నిప్పు కణం చేరితే బ్యాగులు కాలతాయి, హాపర్‌లో పొడి పేరుకుని ఉంటే పేలొచ్చు కూడా.

చట్టం సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం (2025 నవంబరులో దీని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది) 37వ సెక్షన్‌లోనే పేలగల పొడి, వాయువు, ఆవిరి పుట్టే చోట యంత్రాన్ని మూసి ఉంచాలని, అవి పోగుపడకుండా తీసేయాలని, నిప్పు పుట్టించే ప్రతిదాన్నీ దూరంగా ఉంచాలని లేదా పకడ్బందీగా మూయాలని ఉండేది. మండే పదార్థం ఉన్న, లేదా ఒకప్పుడు ఉండిన డ్రమ్మును శుభ్రం చేయకుండా వెల్డింగ్, కటింగ్ చేయకూడదని కూడా అదే సెక్షన్ చెప్పేది. చట్టాల పేర్లు, కోడ్‌లు మారినా భౌతిక సూత్రం మారదు. ప్రమాదకర ప్రాంతాల్లో వాడే విద్యుత్ పరికరాలకు నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ) ఆమోదం చూస్తుంది. పీసీబీ చిమ్నీ ఎత్తు, ఉష్ణోగ్రత, పొగలో ఏముందో చూస్తుంది. ఫ్యాక్టరీల శాఖ ప్లాన్ చూస్తుంది. అగ్నిమాపక శాఖ హైడ్రెంట్లు చూస్తుంది. ఎవరి ప్రశ్నలు వాళ్లు అడుగుతారు. బట్టీని జోన్ మ్యాప్ మీద పెట్టి, గాలి ఎక్కడి నుంచి వస్తోంది, వ్యర్థాలు ఏ దారిన వస్తున్నాయి, కాలవ ఎటు పోతోంది అని అన్నీ కలిపి అడిగే బాధ్యత యాజమాన్యం తీసుకోకపోతే ఆ ప్రశ్న ఎక్కడా పుట్టకుండానే అన్ని అనుమతులూ వచ్చేస్తాయి.

చిన్న యూనిట్లకు సొంత ఇన్‌సినరేటర్ అవసరమా అన్నది కూడా ఆలోచించాలి. పరవాడలో ప్రమాదకర వ్యర్థాల ఉమ్మడి కేంద్రం ఉంది, జగ్గయ్యపేట, పల్నాడు వైపు సిమెంట్ పరిశ్రమ ఉంది. క్లింకర్ (పొడి చేస్తే సిమెంట్ అయ్యే గట్టి ఉండలు) తయారయ్యే 1,450 డిగ్రీల వేడిలో వ్యర్థాలను కాల్చే పద్ధతి దేశంలో అనుమతి ఉన్నదే. రవాణా ఖర్చు ఉంటుంది, పేపర్ పని ఉంటుంది. కానీ రోజుకు వంద కిలోల వ్యర్థాల కోసం ప్లాంటు మధ్యలో ఒక శాశ్వత మంట పెట్టుకుని, దానికి పైన చెప్పినవన్నీ ఏర్పాటు చేసి, ఇరవై ఏళ్లు నిలబెట్టడం కంటే అదే చవక. పక్కనే పెట్రోలియం టెర్మినళ్లున్న కొండపల్లి లాంటి చోట అయితే మన గేటు బయట ఏముందో కూడా ఈ లెక్కలోకి రావాలి.

పెట్టాలనే నిర్ణయించుకుంటే, ఆ తర్వాత మెయింటెనెన్స్‌లో కళ్లు పెట్టాల్సింది చిన్న వస్తువుల మీదే. ఎఫ్‌ఎల్‌పీ పెట్టె మూతకు పన్నెండు బోల్టులుంటే పన్నెండూ ఉండాలి, తుప్పు పట్టి రెండు తీసేసి పది బిగిస్తే అది మామూలు పెట్టె కిందే లెక్క. మూత అంచు నున్నగా ఉండాలి, అక్కడ పెయింట్ వేయకూడదు, ఎమరీ పేపర్‌తో రుద్దకూడదు, నీళ్లు రాకుండా ఉంటుందని ఎం-సీల్ పూయకూడదు. వాడని కేబుల్ రంధ్రానికి సర్టిఫై చేసిన ప్లగ్గే పెట్టాలి, గుడ్డ కుక్కకూడదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో నీళ్లు నిలిచినప్పుడు మునిగిన మోటార్లను ఎండబెట్టి, వైండింగ్ పరీక్షించి మళ్లీ వాడటం చాలా వర్క్‌షాపులు చేసిన పని. మామూలు మోటారుకైతే అది సరే. ఎఫ్‌ఎల్‌పీ మోటారుకు మాత్రం మూత అంచుల జాయింట్ల మీద తుప్పు గుంటలు పడ్డాయేమో గేజ్‌తో కొలవాలి, బేరింగ్ దగ్గర షాఫ్ట్ సందు చూడాలి, గ్లాండ్లు (కేబుల్ లోపలికి వెళ్లే చోట బిగించే బిగింపులు) మార్చాలి, ఈ పని తెలిసిన, దానికి అనుమతి ఉన్న రిపేరర్ దగ్గరే చేయించాలి. సందు హద్దు దాటితే ఆ మోటారును జోన్ బయటి పనికి మార్చి, దాని మీదున్న ఎఫ్‌ఎల్‌పీ నేమ్‌ప్లేట్ తీసేయాలి, రేపు ఇంకెవరో దాన్ని చూసి మళ్లీ తెచ్చి ఇన్‌సినరేటర్ పక్కన బిగించకుండా.